గుడ్డు విడుదలయ్యే రోజులు తెలియాలంటే యాపా, కిట్టా, థర్మామీటరా, ఒంట్లో కనిపించే గుర్తులా? ఎవరికి ఏది సరిపోతుంది

పోయిన సంవత్సరం ఒకరోజు రాత్రి పదకొండింటికి మా పిన్ని కూతురు ఒక ఫోటో పంపింది. గుడ్డు విడుదలయ్యే రోజు (ఓవ్యులేషన్) తెలుసుకోవడానికి యూరిన్‌తో చూసుకునే స్ట్రిప్స్ ఐదు వరసగా పెట్టి తీసింది, ఐదిట్లోనూ ఒక్క గీతే, అంటే నెగెటివ్. కింద "అక్కా నాకు అసలు గుడ్డే రావట్లేదు" అని ఒక్క ముక్క. ఫోన్ చేస్తే ఏడుస్తోంది. వాళ్ళు బెంగళూరు కేఆర్ పురంలో ఉంటారు, పెళ్ళై రెండేళ్ళు, ఊరి నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా ఏమన్నా విశేషమా అనే ప్రశ్న, దాంతో మెడికల్ షాప్‌లో కిట్ కొనుక్కుని ఫోన్‌లో యాప్ పెట్టుకుని మొదలుపెట్టింది. యాప్ పీరియడ్ మొదలైన రోజు నుంచి లెక్కేసి 14వ రోజు అని చూపించింది, ఈమె 11 నుంచి 15వ రోజు దాకా రోజుకొకటి చొప్పున ఐదూ వాడేసింది.

నీ డేట్లు చెప్పమంటే చెప్పింది, గత మూడు నెలలూ 33, 35, 34 రోజులు. అక్కడే తేలిపోయింది విషయం. ఓవ్యులేషన్ అయ్యాక మళ్ళీ పీరియడ్ వచ్చేదాకా ఉండే రోజులు చాలామందికి 12 నుంచి 14 దాకా ఉంటాయి, అవి పెద్దగా మారవు, మారేది ముందు భాగమే. 34 రోజుల సైకిల్ అంటే గుడ్డు దాదాపు 20వ రోజుకి విడుదలవ్వాలి, ఈ పిల్ల దానికి ఐదు రోజుల ముందే కిట్ మొత్తం అవగొట్టేసింది. పైగా ఒక క్లినిక్‌లో 21వ రోజు ప్రొజెస్టిరాన్ (గుడ్డు విడుదలయ్యాక పెరిగే హార్మోన్) టెస్ట్ కూడా చేయించుకుంది, అది తక్కువ వచ్చింది, ఆ కాగితం చూసే సగం భయపడింది. ఆ టెస్ట్‌ని 21వ రోజు టెస్ట్ అని అందరూ అంటారు గానీ అది 28 రోజుల సైకిల్ వాళ్ళకి పెట్టిన లెక్క, అసలు చేయాల్సింది గుడ్డు విడుదలైన ఏడు రోజులకి, అంటే ఈమెకి 27వ రోజున. తర్వాతి నెల డిశ్చార్జ్ చూసుకుంటూ స్ట్రిప్స్ 17వ రోజు నుంచి మొదలుపెడితే 19వ రోజు సాయంత్రం రెండు గీతలూ ముదురుగా వచ్చాయి, దాన్ని బట్టి డాక్టర్‌ని అడిగి బ్లడ్ టెస్ట్ డేట్ మార్పిస్తే ప్రొజెస్టిరాన్ బాగానే వచ్చింది. ప్రెగ్నెన్సీ సంగతి తర్వాత, ముందు గుడ్డు వస్తోందని తెలిసింది, ఆ పిల్లకి ఆరోజు రాత్రి నిద్ర పట్టింది.

అప్పట్నుంచి ఆఫీస్ క్యాబ్‌లోనూ అపార్ట్‌మెంట్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, ఏ యాప్ మంచిది, ఏ కిట్ మంచిది, థర్మామీటర్ కొనాలా అని. నేను డాక్టర్‌ని కాదు, నాలుగేళ్ళుగా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నదాన్ని, దీని మీద దొరికింది చదివినదాన్ని. నాకు అర్థమైంది ఏంటంటే ఏది మంచిది అనే ప్రశ్నకి జవాబు లేదు, మీకేం తెలియాలి, మీ నిద్ర ఎలా ఉంటుంది, మీ డేట్లు ఎలా ఉంటాయి, ఈ మూడూ చెప్తే గానీ ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో చెప్పలేం.

ముందు చెప్పే గుర్తులు, అయిపోయాక చెప్పే గుర్తులు

విడుదలైన గుడ్డు బతికేది 12 నుంచి 24 గంటలే. కానీ మగవాళ్ళ వీర్యకణాలు మంచి మ్యూకస్ (గర్భసంచి ముఖద్వారం దగ్గర తయారయ్యే జారుడు ద్రవం) ఉంటే లోపల ఐదు రోజుల దాకా ఉండగలవు. అందుకే గర్భం వచ్చే అవకాశం ఉన్నది నెలలో దాదాపు ఆరు రోజులు, గుడ్డు విడుదలైన రోజూ దానికి ముందు ఐదు రోజులూ. 1995లో అమెరికాలో 221 మంది ఆడవాళ్ళ మీద చేసిన స్టడీ వచ్చింది, అందులో నిలిచిన గర్భాలన్నీ ఈ ఆరు రోజుల లోపలివే, గుడ్డు విడుదలైన మర్నాడు కలిస్తే నిలిచింది ఒక్కటీ లేదు. అదే స్టడీ చేసినవాళ్ళు 2000లో ఇంకో సంగతి చెప్పారు, ఈ ఆరు రోజులూ పూర్తిగా 10 నుంచి 17వ రోజు మధ్యలోనే పడేది 30 శాతం మందికే అని. అంటే 14వ రోజు, 14వ రోజు అని మనకి స్కూల్ పుస్తకం నుంచి యాప్ దాకా అందరూ చెప్పేది పది మందిలో ఏడుగురికి సరిగ్గా సరిపోదు.

ఇప్పుడు మన ముందున్న పద్ధతులన్నీ ఈ ఆరు రోజుల దగ్గర పెట్టి చూడండి. డిశ్చార్జ్, కిట్ ఈ రెండూ గుడ్డు విడుదలయ్యే ముందు చెప్తాయి. టెంపరేచర్, ప్రొజెస్టిరాన్ టెస్ట్ ఈ రెండూ అయిపోయాక చెప్తాయి. క్యాలెండర్, యాప్ ఈ రెండూ ఒంటిని చూడవు, పాత డేట్లు చూసి అంచనా వేస్తాయి అంతే. పిల్లల కోసం చూసేవాళ్ళకి ముందే చెప్పేది కావాలి, అసలు గుడ్డు వస్తోందా లేదా అని తెలుసుకోవాలంటే అయిపోయాక చెప్పేది కావాలి, ఈ తేడా తెలియక చాలామంది డబ్బులూ నెలలూ రెండూ పోగొట్టుకుంటున్నారు.

తెల్లబట్ట అని భయపడేది చాలాసార్లు జబ్బు కాదు

దీని గురించి ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఖర్చు లేనిది ఇదే, మన ఇళ్ళల్లో అందరికంటే తప్పుగా అర్థం చేసుకున్నదీ ఇదే. నాకు పదహారేళ్ళప్పుడు అనంతపురంలో మా అమ్మకి తెల్లగా అవుతోంది అని చెప్తే వేడి చేసిందని పదిహేను రోజులు బార్లీ నీళ్ళు, సబ్జా, మజ్జిగ. ఆమె తప్పు కాదు, ఆమెకీ వాళ్ళమ్మ అదే చెప్పింది. తెల్లబట్ట అనే ఒక్క మాటలో మనం మూడు నాలుగు వేరు వేరు విషయాలు కలిపేశాం, ఇన్‌ఫెక్షన్ ఉన్నా అదే మాట, గుడ్డు తయారవుతోందని ఒళ్ళు చెప్పినా అదే మాట.

పీరియడ్ ఆగాక కొన్ని రోజులు పొడిగా ఉంటుంది. తర్వాత కొంచెం జిగురుగా తెల్లగా కనిపిస్తుంది, ఆ తర్వాత లోషన్ లాగా, ఆ తర్వాత పచ్చి గుడ్డు తెల్లసొన ఎలా ఉంటుందో అలాగే, వేళ్ళ మధ్య పెట్టి లాగితే తెగకుండా సాగుతుంది, కింద తడిగా జారుతున్నట్టు అనిపిస్తుంది. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగేకొద్దీ గర్భసంచి ముఖద్వారం దగ్గర తయారయ్యే ద్రవం అది, వీర్యకణాలని బతికించి లోపలికి పంపడానికే వస్తుంది. అలా జారుడుగా అనిపించిన ఆఖరి రోజుని పీక్ డే అంటారు, గుడ్డు విడుదలయ్యేది చాలామందికి ఆ రోజుకి ఒకట్రెండు రోజులు అటూ ఇటూ. తర్వాత ప్రొజెస్టిరాన్ వచ్చేసి మళ్ళీ గట్టిపడటమో పొడిబారటమో ఒక్కసారిగా జరుగుతుంది, ఆ మార్పు మాత్రం తెలీకుండా పోదు.

దీన్ని ఒక పద్ధతిగా కట్టింది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కి చెందిన డాక్టర్ దంపతులు జాన్ బిల్లింగ్స్, ఎవలిన్ బిల్లింగ్స్. 1950ల్లో మొదలైంది. ఇది చదువుకున్నవాళ్ళకే అర్థమవుతుందేమో అనుకుంటారు, దానికి మన బెంగళూరే జవాబు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆక్లాండ్, బెంగళూరు, డబ్లిన్, మనీలా, శాన్ మిగేల్ ఈ ఐదు చోట్ల 869 మందికి ఈ పద్ధతి నేర్పించి చూసింది, 1981లో రిజల్ట్స్ వచ్చాయి, మొదటి నెలలోనే 93 శాతం మంది తమ గుర్తుల్ని అర్థమయ్యేలా రాయగలిగారు. వాళ్ళలో బొత్తిగా చదువు రానివాళ్ళు కూడా ఉన్నారు. నలభై ఏళ్ళ కింద ఈ ఊళ్ళో ఏ యాప్ లేకుండా ఆడవాళ్ళు చేసిన పని ఇది.

ఎలా చూడాలంటే లోపల వేలు పెట్టక్కర్లేదు, బాత్రూమ్‌కి వెళ్ళినప్పుడల్లా టిష్యూతో ముందు నుంచి వెనక్కి తుడిచి చూడండి, రోజంతా కింద ఎలా అనిపించిందో గుర్తుపెట్టుకోండి, రాత్రి పడుకునే ముందు ఒక్క మాట రాయండి. పొడి, జిగురు, లోషన్, తెల్లసొన, ఈ నాలుగు మాటలు చాలు. రోజులో అన్నిటికంటే తడిగా కనిపించింది రాయాలి, ఉదయం పొడిగా ఉండి సాయంత్రం సాగితే ఆరోజు తెల్లసొన అనే లెక్క. ముందురోజు రాత్రి కలిసి ఉంటే మర్నాడు వచ్చే తడి చూసి మోసపోతాం, అది రాసి పక్కన ఒక చుక్క పెట్టుకోండి. జలుబుకి వేసుకునే అలర్జీ మాత్రలు కొంతమందిలో దీన్ని ఆరబెట్టేస్తాయి, గుడ్డు పెరగడానికి ఇచ్చే క్లోమిఫెన్ కూడా అంతే, ఆ నెల మ్యూకస్ లేదని గుడ్డు లేదనుకోవద్దు.

ఇక నిజంగా జబ్బు అయ్యే డిశ్చార్జ్ వేరు. పెరుగు ముద్దలా గడ్డలుగా ఉండి దురద పెడితే ఫంగల్ ఇన్‌ఫెక్షన్ కావచ్చు, చేపల వాసన వస్తూ బూడిద రంగులో ఉంటే, పచ్చగా ఆకుపచ్చగా ఉంటే, మంట గానీ పొత్తికడుపు నొప్పి గానీ ఉంటే చార్ట్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, మెడికల్ షాప్‌లో అడిగి సొంతంగా మాత్రలు పెట్టుకోకండి. నోట్‌బుక్ రాయడం వల్ల ఉపయోగం అదే, మీకు మామూలుగా ఎలా ఉంటుందో తెలిస్తే మామూలు కానిది ఒక్కరోజులో పట్టేస్తారు.

థర్మామీటర్: బాగా పడుకునేవాళ్ళకి

గుడ్డు విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ వల్ల ఒంటి వేడి సెల్సియస్‌లో 0.2 నుంచి 0.5 డిగ్రీల దాకా పెరిగి, పీరియడ్ వచ్చేదాకా పైనే ఉంటుంది. ఇంత చిన్న తేడా జ్వరం చూసుకునే మామూలు థర్మామీటర్‌లో సరిగ్గా కనపడదు, చుక్క తర్వాత రెండు అంకెలు చూపించే బేసల్ థర్మామీటర్ కావాలి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందే, నీళ్ళు తాగకముందే, మాట్లాడకముందే నాలుక కింద పెట్టుకోవాలి, కనీసం మూడు గంటలు ఆగకుండా నిద్రపోయి ఉండాలి, రోజూ దాదాపు ఒకటే టైమ్ అవ్వాలి. గత ఆరు రోజుల కంటే ఎక్కువగా మూడు రోజులు వరసగా కనిపిస్తే అప్పుడు గుడ్డు విడుదలైపోయింది అని లెక్క.

బెంగళూరులో ఉండే మనవాళ్ళకి ఇది ఎంతవరకు కుదురుతుందో నిజాయితీగా ఆలోచించుకోండి. యూఎస్ క్లయింట్ కాల్స్ రాత్రి పన్నెండు దాకా ఉండేవాళ్ళు, వారం డే షిఫ్ట్ వారం నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళు, రాత్రి మూడు సార్లు లేచే చంటిపిల్లలున్నవాళ్ళు, నెలకి రెండు శుక్రవారాలు మడివాళలో బస్సెక్కి కర్నూలుకో విజయవాడకో వెళ్ళేవాళ్ళు, వీళ్ళ చార్ట్‌లో పైకీ కిందికీ గీతలే ఉంటాయి గానీ అర్థం ఉండదు. జ్వరం, ముందురోజు మందు తాగడం, నిద్ర లేకపోవడం అన్నీ దాన్ని మార్చేస్తాయి. అలాంటి రోజుల అంకె చుట్టూ గుండ్రంగా చుట్టి కారణం రాసి వదిలేయొచ్చు, కానీ నెలలో పది రోజులు అలాగే వదిలేయాల్సి వస్తే ఆ పద్ధతి మీకు కాదు, మీలో ఏ లోపం లేదు, మీ పని అలాంటిది.

రొటీన్‌గా పడుకునేవాళ్ళకి మాత్రం నేను తప్పకుండా చెప్తా. నా సొంత విషయం. రెండేళ్ళ కింద నా చార్ట్‌లో వేడి పెరిగాక ఎనిమిది రోజులకే డేట్ వచ్చేసేది, మూడు నెలలు వరసగా. డేట్ మాత్రం 29, 30 రోజులకి కరెక్ట్‌గా వస్తోంది కాబట్టి క్యాలెండర్ చూసిన ఎవరికైనా అంతా బాగుందనే అనిపిస్తుంది. ఆ మూడు పేజీలు చూపిస్తే డాక్టర్ థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, దాంతోపాటు ప్రోలాక్టిన్ రక్త పరీక్షలు రాసింది, టీఎస్‌హెచ్ ఎక్కువ వచ్చింది, మాత్ర మొదలుపెట్టాం. చార్ట్ జబ్బుని చెప్పలేదు, ఏ టెస్ట్ చేయాలో చెప్పింది. ఇంకో లాభం, వేడి పెరిగి 18 రోజులైనా దిగకపోతే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోవచ్చు.

పడుకున్నప్పుడు వేలికో మణికట్టుకో పెట్టుకునే ఉంగరాలూ వాచీలూ వచ్చాయి, 2022 నుంచి యాపిల్ వాచ్‌లో కూడా ఉంది, అవి కూడా అయిపోయాకే చెప్తాయి. ఇప్పటికే చేతికి ఉంటే వాడండి, దీనికోసమే అన్ని వేలు పెట్టి కొనమని నేను చెప్పను.

కిట్: ఎప్పుడు మొదలుపెట్టాలో తెలిస్తేనే

మెడికల్ షాప్‌లో దొరికే ఓవ్యులేషన్ కిట్ యూరిన్‌లో ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ని చూస్తుంది. అది ఒక్కసారిగా పెరిగిన తర్వాత 24 నుంచి 36 గంటల్లో గుడ్డు విడుదలవుతుంది. మీ సైకిల్ రోజుల్లోంచి 17 తీసేస్తే వచ్చే రోజు నుంచి మొదలుపెట్టండి, 28 అయితే 11వ రోజు, 34 అయితే 17వ రోజు. డేట్లు అటూ ఇటూ అయితే గత ఆరు నెలల్లో అన్నిటికంటే చిన్న సైకిల్ తీసుకోండి. ప్రెగ్నెన్సీ టెస్ట్‌లా పొద్దున మొదటి యూరిన్‌తో చేసేస్తారు చాలామంది, దీనికి మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపు మేలు, అంతకుముందు రెండు గంటలు ఎక్కువ నీళ్ళు తాగకుండా ఉండాలి. టెస్ట్ గీత కంట్రోల్ గీతంత ముదురుగా గానీ ఇంకా ముదురుగా గానీ ఉంటేనే పాజిటివ్, పలచగా రెండో గీత కనపడటం పాజిటివ్ కాదు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. కిట్ పాజిటివ్ అంటే గుడ్డు విడుదలైందని కాదు, విడుదల చేయమని మెదడు నుంచి కబురు వెళ్ళిందని. రెండోది పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల గుడ్డు సరిగ్గా విడుదలవ్వని సమస్య) ఉన్నవాళ్ళలో ఎల్‌హెచ్ మామూలుగానే ఎక్కువ ఉండొచ్చు, రోజూ పాజిటివ్‌లా కనిపించి నాలుగు కిట్లు అవగొట్టినవాళ్ళు నాకు తెలుసు. మీకు పీసీఓఎస్ అని చెప్పి ఉంటే కిట్‌ని ఒక్కదాన్నే నమ్మకండి. వాళ్ళకి డిశ్చార్జ్ కూడా తెల్లసొనలా రెండుసార్లో మూడుసార్లో వచ్చి వెళ్ళిపోవచ్చు, గుడ్డు పెరగబోయి ఆగి మళ్ళీ మొదలవుతుంది, అలాంటప్పుడు వేడి పెరిగిందా లేదా అనేదే అసలు సాక్ష్యం. అది కూడా తేలకపోతే డాక్టర్‌ని అడిగి ఒక నెల ఫాలిక్యులర్ స్టడీ చేయించుకోవడం మంచిది, రోజు విడిచి రోజు స్కాన్, గుడ్డు ఉండే తిత్తి ఎంత పెరిగింది, పగిలిందా లేదా కళ్ళకి కనిపిస్తుంది. ఖర్చు ఉంటుంది, ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో పొద్దున్నే అన్నిసార్లు వెళ్ళి ఆఫీస్‌కి చేరాలంటే కష్టం కూడా, అందుకే ముందు రెండు నెలలు చార్ట్ రాసుకుని వెళ్తే స్కాన్ ఏ రోజు మొదలుపెట్టాలో డాక్టర్‌కి తెలుస్తుంది, రెండు మూడు ట్రిప్పులు తగ్గుతాయి.

క్యాలెండర్, పూసల దండ, యాప్

వీటి గురించి తొందరగా చెప్పేస్తా. క్యాలెండర్ లెక్క పాతది, 1920ల్లో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ వేరు వేరుగా కనిపెట్టింది. కనీసం ఆరు నెలల డేట్లు రాసి చిన్న సైకిల్‌లోంచి 18, పెద్ద సైకిల్‌లోంచి 11 తీసేస్తే మధ్యలో వచ్చేవి జాగ్రత్త రోజులు. పూసల దండ అంటే రంగు పూసలు జరుపుకుంటూ వెళ్ళేది, మన దేశంలో మాలా చక్ర అనే పేరుతో వచ్చింది, 8 నుంచి 19వ రోజు దాకా ఫెర్టైల్ అనే ఒకే నియమం. డేట్ ఎప్పుడూ 26 నుంచి 32 రోజుల మధ్యలోనే వచ్చేవాళ్ళకే అది పనికొస్తుంది, ఏడాదిలో రెండుసార్లు ఆ హద్దు దాటితే మానేయాలి.

యాప్‌ని నోట్‌బుక్ లాగా వాడితే మంచిదే, డేట్ గుర్తుచేస్తుంది, పాత నెలలు వెంటనే చూపిస్తుంది. కానీ అందులో రంగు వేసి చూపించే ఫెర్టైల్ రోజులు ముందే వేసిన అంచనా, మీ ఒంట్లో ఈ నెల ఏం జరుగుతోందో దానికి తెలీదు. మా పిన్ని కూతురి కథ అదే. ఇంకోటి, పీరియడ్ డేట్లు, ఎప్పుడు కలిశారు, గర్భం పోయిందా ఇవన్నీ చాలా సొంత విషయాలు, పేరున్న ఒక యాప్ యూజర్ల డేటాని బయట కంపెనీలకి పంపిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో చర్య తీసుకుంది కూడా. ఫోన్ ఇంట్లో నలుగురి చేతుల్లో తిరిగితే పది రూపాయల నోట్‌బుక్కే మేలు, అది బీరువాలో చీరల మధ్య పెట్టుకోవచ్చు. ఉమ్మడి ఇంట్లోనో పీజీలో షేరింగ్ రూమ్‌లోనో ఉండేవాళ్ళు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి, మంచం పక్కన థర్మామీటర్ కనిపిస్తే జ్వరమా అని అత్తమ్మ అడుగుతుంది, జవాబు మీ దగ్గర ఉండాలి.

నేనైతే ఎవరికి ఏం చెప్తానంటే

పెళ్ళి కాని అమ్మాయిలకి, కేవలం హెల్త్ కోసం చూసుకునేవాళ్ళకి డేట్, ఎన్ని రోజులు, ఎంత బ్లీడింగ్, డిశ్చార్జ్ ఈ నాలుగూ నోట్‌బుక్‌లో, ఏమీ కొనక్కర్లేదు. పిల్లల కోసం చూసేవాళ్ళకి డిశ్చార్జ్ ముందు, తెల్లసొన కనిపించడం మొదలైన రోజు నుంచి కిట్, ఇలా చేస్తే ఐదు స్ట్రిప్స్ నిజంగానే సరిపోతాయి, కలవడానికి కిట్ పాజిటివ్ కోసం ఎదురుచూడొద్దు, సాగే డిశ్చార్జ్ కనిపించిన రోజు నుంచే రోజు విడిచి రోజు చాలు. డేట్లు సరిగ్గా రానివాళ్ళకి, పీసీఓఎస్ వాళ్ళకి డిశ్చార్జ్‌తో పాటు థర్మామీటర్. నైట్ షిఫ్ట్ వాళ్ళకి థర్మామీటర్ వద్దు, డిశ్చార్జ్, కిట్. చంటిపిల్ల తల్లులకి, నలభై దాటి డేట్లు మారుతున్నవాళ్ళకి సొంతంగా నేర్చుకోవడం కష్టం, నేర్పేవాళ్ళ దగ్గర కూర్చోవాలి. గర్భసంచి ముఖద్వారం మెత్తబడిందా పైకి వెళ్ళిందా అని వేలితో చూసే పద్ధతి కూడా ఉంది, మొదటి ఆరు నెలలు దాని జోలికి వెళ్ళకండి, మిగతావి వచ్చాక కావాలంటే చూడొచ్చు.

ప్రెగ్నెన్సీ వద్దు అనుకుని ఇవి వాడాలనుకునేవాళ్ళకి మాత్రం కొంచెం గట్టిగా చెప్తా. డిశ్చార్జ్, టెంపరేచర్ రెండూ కలిపి చూసే పద్ధతి బాగా పనిచేస్తుంది, జర్మనీలో 900 మంది మీద చేసి 2007లో రాసిన స్టడీలో నియమాలు పూర్తిగా పాటించినవాళ్ళలో ఏడాదికి 100 మందిలో గర్భం వచ్చింది నిండా ఒక్కరికి కూడా కాదు, 0.4. మామూలుగా వాడినవాళ్ళు మొత్తం కలిపితే 1.8. కానీ వాళ్ళు దగ్గర కూర్చోబెట్టి నేర్పించుకున్నవాళ్ళు, రోజూ రాసినవాళ్ళు. ఇందాక చెప్పిన ఐదు ఊళ్ళ స్టడీలో డిశ్చార్జ్ ఒక్కటే చూసినవాళ్ళలో ఏడాదికి 100కి దాదాపు 20 మందికి గర్భం వచ్చింది, అందులో ఎక్కువ భాగం ఈరోజు కుదరదు అని తెలిసి కూడా ఆగనందువల్ల. ఆగాల్సింది ఇద్దరూ. నోట్‌బుక్‌లో ఏం రాసినా భర్త వినని ఇంట్లో ఈ పద్ధతి ఆడదాని మీద ఇంకో భారం అవుతుంది, అలాంటి చోట దీన్ని నమ్ముకోవద్దని ఎవరు అడిగినా చెప్తా. హార్మోన్లు వద్దనే కారణంతోనే ఇటు వచ్చి ఉంటే కాపర్ టి ఉంది, ఛాయా మాత్ర ఉంది, అది హార్మోన్ కాదు, లక్నోలోని సీడీఆర్‌ఐ తయారుచేసిన మందు, మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకటి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఫ్రీగా ఇస్తారు. ఇప్పుడు గర్భం వస్తే ప్రాణానికి ఇబ్బంది అని డాక్టర్ చెప్పినవాళ్ళు నోట్‌బుక్ ఒక్కదాని మీద ఆధారపడకూడదు. కొత్త పరిచయం అయితే కండోమ్ తప్పదు, ఈ గుర్తులు ఏవీ ఇన్‌ఫెక్షన్లని ఆపవు.

బిడ్డకి పాలిచ్చేవాళ్ళకి ఒకటి. బిడ్డకి ఆరు నెలలు దాటకుండా, రాత్రీ పగలూ తల్లిపాలే ఇస్తూ, పీరియడ్ ఇంకా రాకుండా ఉంటే, ఈ మూడూ ఉన్నంతవరకు గర్భం వచ్చే అవకాశం 2 శాతం లోపే. మూడిట్లో ఒకటి తప్పినా ఆ రోజు నుంచే వేరే ఏర్పాటు చేసుకోవాలి, పీరియడ్ వచ్చాక చూద్దాంలే అంటే కుదరదు, మొదటి పీరియడ్ కంటే ముందే గుడ్డు విడుదలవ్వొచ్చు కాబట్టి.

చార్ట్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి

పెద్దవాళ్ళలో మామూలు సైకిల్ అంటే 24 నుంచి 38 రోజులు, బ్లీడింగ్ ఎనిమిది రోజుల లోపు. దీనికి బయట రెండు మూడు నెలలు వరసగా పోతే, మూడు నెలలు అసలు డేట్ రాకపోతే, గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోతుంటే, పీరియడ్‌కి పీరియడ్‌కి మధ్యలో గానీ కలిసిన తర్వాత గానీ రక్తం కనిపిస్తే, మెనోపాజ్ అయ్యాక ఒక్క చుక్క కనపడినా వెళ్ళాలి. మూడు నెలలు వేడి అసలు పెరగకపోయినా, పెరిగాక పది రోజుల లోపే డేట్ వచ్చేస్తున్నా చూపించుకోండి. పిల్లల కోసం 35 లోపు వాళ్ళు ఏడాది చూడొచ్చు, 35 దాటితే ఆరు నెలలే, ఆ తర్వాత ఇంకో రెండు నెలలు చార్ట్ రాద్దాం అని ఆగకండి, వెళ్ళేటప్పుడు ఆయన్ని కూడా తీసుకెళ్ళండి, సెమెన్ టెస్ట్ అన్నిటికంటే తేలికైనది, అది చేయకుండా ఆడపిల్లకి ఒక్కదానికే ఏడాదిపాటు సూదులు గుచ్చడం నేను కళ్ళారా చూశాను.

ఓపీలో మనకి దొరికేది పది నిమిషాలు. వాణీ విలాస్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి అయితే లైన్ ఇంకా పెద్దది. యాప్ తెరిచి ఫోన్ డాక్టర్ చేతికి ఇవ్వకండి, అంత టైమ్ ఉండదు. ఒక తెల్ల కాగితం మీద గత మూడు సైకిల్స్ ఎన్ని రోజులో, ప్రతి దాంట్లో సాగే డిశ్చార్జ్ ఏ రోజు నుంచి ఏ రోజు దాకానో, వేడి ఏ రోజు పెరిగిందో లేక కిట్ ఏ రోజు పాజిటివ్ వచ్చిందో, మీరు వాడుతున్న మాత్రల పేర్లూ, మీకు అర్థం కాని ఒక్క ప్రశ్న, ఇవి రాసి తీసుకెళ్ళండి. మా పిన్ని కూతురు తీసుకెళ్ళిన కాగితంలో ఆ ప్రశ్న "నా ప్రొజెస్టిరాన్ టెస్ట్ 21న కాకుండా 27న చేయొచ్చా?" అని ఉంది. డాక్టర్ కాగితం చూసి 21 కొట్టేసి 27 రాసింది.